చిన్న గదియు, చలువ యంత్రమును

శివరాత్రితో చలి శివశివా యని పోవునని మన పెద్దలు చెప్పుదురు. ధర్మపురిలో చలి పోయిన కొలది దినములకే ఎండ ముదురును. పదవ తరగతికిని, పండ్రెండవ తరగతికిని ప్రభుత్వ పరీక్షలు జరుగునదియు ఆ మార్చి, ఏప్రిల్ నెలలలోనే. పగలెల్ల కాగిన మిద్దె రాత్రి పది గంటలకు గదిలోనికి వేడిని దించుచుండగా, దాని క్రింద కూర్చుండి పిల్లవాడు లెక్కలు చేయవలెను. అమెరికాలో లక్షలాది విద్యార్థుల మార్కులను పరిశీలించి 2020లో ప్రకటించిన యొక అధ్యయనమున, చలువ సౌకర్యము లేని బడులలో, బడి నడచు దినముల సగటు ఉష్ణోగ్రత ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ హెచ్చినచో ఆ యేటి చదువులో నూటికి ఒక వంతు తగ్గునని తేలినది. కావున పిల్లల గదికి చలువ కావలెనని తల్లిదండ్రులు తలచుట విలాసమని మేము భావింపము.

అయితే మన కుటుంబములలో పెక్కింటికి సొంత యిల్లు లేదు. ఒక హాలు, ఒక వంటయిల్లు, పది అడుగుల చదరపు గది యొకటి. అదియు చాలమందికి పై అంతస్తు. గోడకు రంధ్రము చేయుటకు ఇంటి యజమాని ఒప్పుకొనడు. అట్టివారి దృష్టి సహజముగా పోర్టబుల్ ఏసీ అనబడు కదల్చగల యంత్రముపై పడును. దానితో వచ్చు పత్రమో, ఆంగ్లములో నుండును. తెలుగున ఉండుట అరుదు. అందుచేతనే ఈ సంచికయందు ఆ యంత్రమును గురించి ఒక పాఠముగా వ్రాయ సంకల్పించితిమి. పిల్లలును తల్లిదండ్రులును కలసి చదువుకొనదగిన పాఠమిది.

మొదట ఒక మాట స్పష్టముగా తెలిసికొనవలెను. ఏ యంత్రమును చలిని పుట్టింపజాలదు. అది గదిలోని వేడిని తీసి వేఱొక చోట పారవేయును, అంతే. ఫ్రిజ్ తలుపు తెరచి పెట్టినచో వంటయిల్లు చల్లబడునా? చల్లబడదు సరికదా, ముందటి కంటె కొంచెము వేడెక్కును. ఎందుకనగా ఫ్రిజ్ ముందువైపున తీసిన వేడిని వెనుకవైపున అదే గదిలోనికి విడుచును. మోటారు వేడి దానికి తోడగును. పోర్టబుల్ ఏసీకి లావుపాటి గొట్టము ఉండుటకు కారణమిదియే. తీసిన వేడి ఆ గొట్టముగుండా కిటికీ బయటికి పోవలెను. గొట్టము లేని పెట్టెను ఎవరైనను ఏసీ యని అమ్మజూపినచో అది ఏసీ కాదని నిస్సందేహముగా చెప్పవచ్చును. బల్లపై పెట్టుకొను చిన్న పెట్టెలను, నీరో మంచుముక్కలో వేసి నడుపుకొనవచ్చునని, ఒకటి రెండు వేల రూపాయలకు మినీ ఏసీ యను పేరుతో అమ్ముచున్నారు. అవి తడిగుడ్డపై గాలి విసరు చిన్న పంకాలు మాత్రమే. పరీక్షల ముందు తొందరలో వీనిని కొని మోసపోవువారు కలరు గనుకనే ఈ సంగతి ముందుగా వ్రాసితిమి.

ఇక టన్ను అను కొలత. ఒక టన్ను ఏసీ యన్నచో యంత్రము బరువు టన్ను అని కాదు. ఈ ప్రశ్న వేయని విద్యార్థి యుండడు. పూర్వము చలువ యనగా మంచుగడ్డయే. అమెరికాలోని బోస్టను నుండి మంచుగడ్డలు ఓడలలో మదరాసునకు వచ్చుచుండెడివి. వానిని దాచుటకు 1842లో సముద్రతీరమున కట్టిన భవనమే ఐస్ హౌస్. 1897లో వివేకానందస్వామి అందు విడిది చేసినందున నేడు వివేకానందర్ ఇల్లమని పిలువబడుచున్నది. తరువాత యంత్రములు వచ్చినప్పుడు వాని శక్తిని పాత అలవాటు చొప్పున మంచుతోనే కొలిచిరి. రెండువేల పౌనుల మంచు, అనగా సుమారు 907 కిలోగ్రాములు, 24 గంటలలో కరగుటకు ఎంత వేడిని పీల్చుకొనునో అంత వేడిని తీయగల శక్తి ఒక టన్ను. గంటకు 12,000 బీటీయూలన్నను, ఇంచుమించు 3.5 కిలోవాట్లన్నను ఇదియే. మన పది అడుగుల గదికి, పైన మిద్దె ఎండకు తగులుచున్నచో, ఒక టన్ను వలయును. క్రింది అంతస్తు గదికి అంతకు తక్కువయు చాలును.

ఇచట పోర్టబుల్ యంత్రపు అసలు లోపమును చెప్పవలసి యున్నది. అంగడివాడు చెప్పనిదియు, కొనువాడు తప్పక తెలిసికొనవలసినదియు ఇదియే. సామాన్యముగా దొరకు యంత్రమునకు గొట్టము ఒక్కటే యుండును. అది గదిలోని గాలినే పీల్చి, దానికి వేడినెక్కించి, బయటికి తోయును. గదిలో గాలి తగ్గిన కొలదిని, తలుపు సందులగుండా, కిటికీ రెక్కల నడుమనుండి, బయటి గాలి లోనికి వచ్చి తీరును. ఎంత వచ్చును? పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుగల గదిలో వేయి ఘనపుటడుగుల గాలి, అనగా 28 ఘనపు మీటర్లు పట్టును. గొట్టము గంటకు 300 ఘనపు మీటర్లను బయటికి పంపుచున్నదనుకొందము. గదిలోని గాలి యంతయు గంటకు పదిమార్లకు పైగా మారిపోవుచున్నదన్నమాట! మధ్యాహ్నము బయట 38 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉన్నచో, ఆ వచ్చిన గాలిని చల్లబరచుటకే సుమారు ఒక కిలోవాటు శక్తి వ్యయమగును. యంత్రము తీయగల 3.5 కిలోవాట్లలో మూడింట ఒక వంతుకు కొంచెము తక్కువ ఇట్లు వ్యర్థమగుచున్నది. గాలిలోని తేమ లెక్క దీనికి వేఱు.

ఇదే లెక్కను రాత్రి పదకొండు గంటలకు వేసి చూడుడు. మన ధర్మపురి సముద్రమట్టమునకు నాలుగువందల యేబది మీటర్లకు పై యెత్తున నున్నది. పగలు ఎంత మండినను రాత్రి బయటి గాలి త్వరగా చల్లబడును. చల్లబడనిది మిద్దెయు గోడలును మాత్రమే. బయట 29, లోపల 27 ఉన్నచో తేడా రెండు డిగ్రీలే గనుక నష్టము కిలోవాటులో ఐదవ వంతు కూడ కాదు. కావున మా అభిప్రాయమిది: మన ఊరిలో ఒకే గొట్టపు యంత్రము రాత్రివేళకు పనికివచ్చును, మిట్టమధ్యాహ్నమునకు అంతగా పనికిరాదు. చెన్నపట్టణమువంటి ఉక్కపోత ఊరివారికి ఈ సదుపాయము మనకున్నంత లేదు. రెండు గొట్టముల యంత్రములును కలవు. ఒకదానితో బయటి గాలిని తీసికొని, రెండవదానితో దానినే బయటికి విడుచును గనుక గదిలోని గాలి తరుగదు. దొరికినచో అదియే మేలు. కాని మన ప్రాంతపు అంగళ్ళలో అవి అరుదు.

లోనికి వచ్చు ఆ గాలి ఏ త్రోవను వచ్చుచున్నదో కనుగొనుటకు పిల్లలు చేయదగిన సులభమైన పరీక్ష యొకటి కలదు. యంత్రము నడచుచుండగా తలుపు మూసి, క్రింది సందు దగ్గర వెలిగించిన అగరువత్తిని పెద్దల ఎదుట పట్టి చూడవలెను. పొగ లోనికి వంగును. ఆ పొగ వంగిన దిక్కుననే వంటింటి గాలియు, స్నానాల గది దుర్గంధమును లోనికి వచ్చుచున్నవి. ఇందు వినోదము కంటె జాగ్రత్త ముఖ్యము. కట్టెల పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని, గ్యాసుతో నీళ్ళు కాచు గీజరు గాని ప్రక్కగదిలో వెలుగుచున్నప్పుడు ఈ యంత్రమును నడుపరాదు. పొయ్యి పొగ బయటికి పోవుటకు బదులు పిల్లలు నిద్రించు గదిలోనికి లాగబడును. అందలి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారిని అది మేల్కొననీయదు. రాత్రి యంత్రమును పెట్టుటకు ముందు వంట ముగించి, వంటింటి తలుపు మూసి, హాలు కిటికీని దోమతెరతో తెరచి ఉంచినచో లోనికి వచ్చునది రాత్రి చల్లగాలియే యగును. మూసియుంచిన స్ప్లిట్ ఏసీ గదిలో తెల్లవారుసరికి గాలి బరువెక్కును. ఈ యంత్రపు గదిలో గాలి మారుచునే యుండును. లోపమే యొక విధముగా గుణమైనది.

డబ్బాపై అచ్చువేసిన అంకెలను నమ్ముటలోను విచక్షణ వలయును. పై చెప్పిన నష్టమును లెక్కించకయే పూర్వము శక్తిని అచ్చువేయుచుండిరి. అమెరికా ప్రభుత్వము 2016లో కొత్త పరీక్షా పద్ధతిని ఏర్పరచి, బయటినుండి దూరు గాలిని, గొట్టపు వేడిని తీసివేసి మిగిలిన శక్తిని వేఱుగా చూపవలెనని నిర్ణయించినది. ఆ పద్ధతి ననుసరించి చూడగా 12,000 బీటీయూలని పేరు పొందిన యంత్రము నిజముగా మూడింట రెండు వంతులో, అంతకు తక్కువో మాత్రమే పనిచేయుచున్నదని తేలినది. మన దేశములో విండో, స్ప్లిట్ యంత్రములపై కేంద్ర విద్యుత్ పొదుపు సంస్థవారి నక్షత్రపు చీటి తప్పనిసరి. మీరు చూచుచున్న పోర్టబుల్ పెట్టెపై ఆ చీటి లేనిచో, వెనుక అతికించిన పలకపై వాట్లెన్ని అని చదివి, టన్నుకు ఎన్ని వాట్లు ఖర్చగుచున్నవో మీరే లెక్క చూచుకొనవలెను.

ఆ లెక్క ఎందుకో ఇప్పుడు చెప్పెదము. ఒక టన్ను పోర్టబుల్ యంత్రము సుమారు 1.3 కిలోవాట్ల కరెంటును వాడుననుకొందము. రాత్రికి ఆరు గంటలు కంప్రెసర్ నడచినచో 7.8 యూనిట్లు, అరువది రాత్రులకు 468 యూనిట్లు. తమిళనాట బిల్లు రెండు నెలలకొకమారు వచ్చును. 2024 నాటి పట్టికలో మొదటి 100 యూనిట్లు ఉచితము; అయితే మొత్తము 500 దాటిన ఇండ్లకు దాటిన యూనిట్లకే గాక, లోపలి యూనిట్లలో కొన్నింటికిని రేటు హెచ్చును. ఇంటి మామూలు వాడుక 250 అయినచో, 468 కలిపి 718 అగును, మెట్టు దాటితిమి. అదే యంత్రమును రాత్రి తొమ్మిదినుండి పండ్రెండు వఱకు, చదువుకొను మూడు గంటలే నడపి, తరువాత కిటికీ తెరచి ఫ్యానుతో నిద్రించినచో 234 యూనిట్లు, మొత్తము 484. మెట్టునకు లోపలనే యున్నాము. మీ కడపటి బిల్లును ఎదుట పెట్టుకొని, అప్పటి పట్టికతో ఈ లెక్కను మీ పిల్లలచేతనే చేయింపుడు. గణితమునకు ఇంతకంటె ఉపయోగకరమైన అభ్యాసము పాఠ్యపుస్తకములో దొరకుట కష్టము.

ఉష్ణోగ్రతను 18కి దించినచో గది త్వరగా చల్లబడునని పలువురు భ్రమపడుదురు. యంత్రపు వేగము మారదు. ఆగక నడచును, అంతే. 26, 27 డిగ్రీలలో ఉంచి పైన ఫ్యానును మెల్లగా తిప్పినచో దేహమునకు చాలినంత చలువ. ఒక్కొక్క డిగ్రీ హెచ్చించినందువలన నూటికి ఆరు వంతుల కరెంటు మిగులునని కేంద్ర సంస్థవారు 2018లో చెప్పియున్నారు.

ప్లగ్గు విషయమున ఉపేక్ష కూడదు. దీపములకు, ఫోనులకు వాడు చిన్న ప్లగ్గులో దీనిని పెట్టరాదు. ఎర్తు తీగ గల 16 ఆంపియరుల పెద్ద సాకెట్టు గోడకే ఉండవలెను. పొడిగింపు తీగతో నడపినచో తీగ వేడెక్కి కరగుటయు కలదు. వేసవి సాయంకాలములందు ఓల్టేజి పడిపోవు వీధులలో స్టెబిలైజరు అవసరము. మఱియొక సందేహము: ఇంటిలో ఇన్వర్టరు ఉన్నది గదా, కరెంటు పోయినను ఏసీ నడచునా? నడువదు. దీపములకును ఫ్యానులకును బ్యాటరీతో పనిచేయు పెట్టె వేఱు. కంప్రెసర్ వేగమును హెచ్చించి తగ్గించు ఇన్వర్టరు ఏసీ వేఱు. రెండు వస్తువులకు ఒకే పేరుండుటచే అంగళ్ళలో మాటలు తారుమారగుచున్నవి. పోర్టబుల్ యంత్రములలో పెక్కు ఒకే వేగముతో నడచునవి.

కిటికీ సంగతి కొలత బద్దతో తేల్చుకొనవలెను. యంత్రముతో వచ్చు పలక ప్రక్కకు జరుగు అద్దాల కిటికీకి తగినట్లు చేయబడినది. మన ఇండ్లలో రెండు చెక్క రెక్కలు, వానికి ముందు ఇనుప కమ్ములు. ఆరంగుళముల గొట్టము కమ్ముల నడుమ దూరదు. ఒక రెక్కను తెరచి, ఆ ఖాళీకి సరిపడు ప్లైవుడ్డు పలకను వడ్రంగిచే కోయించి, అందు గుండ్రని రంధ్రము చేయించి, గొట్టపు చివరి మూతిని కమ్ములకు ఆనించి పెట్టవలెను. సందులకు థర్మోకోలు చాలును. గోడకు మేకైనను కొట్టనక్కరలేదు; ఇల్లు మారునపుడు పలకను తీసికొనిపోవచ్చును. గొట్టము ఎంత పొట్టిగా, ఎంత తిన్ననగా ఉన్న అంత మంచిది. దానిని పొడిగించి మంచము వెనుకగా త్రిప్పి తెచ్చిన ఇండ్లను చూచితిమి. గొట్టమే ఒక కుంపటియై, యంత్రము తీసిన వేడిలో కొంత తిరిగి గదికే ఇచ్చును. దానిపై పాత దుప్పటిని చుట్టుట కంటె, వేడికి తట్టుకొను నురుగు తొడుగును తొడుగుట క్షేమము.

శబ్దమును గురించి అంగడిలో తెలియదు. అచట రద్దీ యుండును గదా. స్ప్లిట్ యంత్రపు కంప్రెసర్ బయట మోగును. దీని కంప్రెసర్ మంచము ప్రక్కనే మోగును. సుమారు 50 నుండి 55 డెసిబెల్లులు. ఇద్దరు మెల్లగా మాటలాడుకొనునంత ధ్వని ఆగక ఉండును. కొందఱు పిల్లలు దానికి అలవాటుపడుదురు, కొందఱు పడరు. బిగ్గరగా చదివి కంఠస్థము చేయు పిల్లవానికి బాధ లేదు. చిన్న శబ్దమునకే ఉలికిపడి లేచు పిల్లయున్నచో కొనుటకు ముందు తెలిసినవారి ఇంట ఒక గంట కూర్చుండి విని రావలెను.

లోపల వాడు వాయువు పేరును పలకపై చూడుడు. ఆర్-290 అని ఉన్నచో అది ప్రొపేను. మన వంటగ్యాసులోను ఉండు మండు వాయువే. పరిమాణము కొంచెమే గనుక భయపడవలదు. కాని దేవుని గూటిలో అఖండదీపము వెలుగు గదిలో దానిని పెట్టరాదు, ఎంత చిన్న గదికి తగునో పత్రములో చూడక నడుపరాదు. ఆర్-32 కూడ కొంత మండు గుణము కలదే. మరమ్మతు చేయువాడు ధర్మపురిలోనే ఉన్నాడా, లేక సేలమునుండి రావలెనా అను ప్రశ్నను డబ్బు చెల్లించుటకు ముందే అడుగవలెను. మార్చి నెలలో చెడిన యంత్రము జూను చివర బాగైనచో పరీక్షలకు ఏమి ప్రయోజనము?

ఇన్నియు చెప్పిన పిమ్మట, కొనవలదని మేము చెప్పదగిన ఇండ్లును కలవు. యజమాని ఒప్పుకొని, కిటికీకి చట్రము అమర్చ వీలున్నచో విండో ఏసీయే నయము. అంతే కరెంటుకు ఎక్కువ చలువ నిచ్చును, ధరలోను పోర్టబులు దానికంటె చౌక కాదు. రేకుల కప్పు గదికి ఏ ఏసీయు తాళదు. మొదట కప్పు సంగతి చూడవలెను: మిద్దెపై తెల్లని సున్నము, రేకుల క్రింద తట్టీ గాని థర్మోకోలు గాని. సున్నపు ఖర్చు యంత్రపు ఖర్చులో చిన్న భాగము. పగటి పొడి ఎండలో వట్టివేళ్ళ తడికయు, నీటి కూలరును మన ఊరిలో చక్కగా పనిచేయును. ఐతే మన బోరునీటిలో ఉప్పులు మెండు. ఫ్లోరైడు బాధను తొలగించుటకే గదా హొగెనకల్ త్రాగునీటి పథకము వచ్చినది! బోరునీరు పోసిన కూలరు గడ్డి ఒక్క వేసవిలో తెల్లగా పెచ్చుకట్టును. ఏటేట గడ్డి మార్చు ఖర్చును కలిపి చూచుకొనవలెను.

రాత్రి గాలి చల్లనిదే గదా, దానినే లోనికి తెచ్చుకొనిన నేమి? ఒక కిటికీకి దోమతెర, ఎదుటి గోడ వెంటిలేటరులో ఎగ్జాస్టు ఫ్యాను. ఏసీతో పోల్చినచో ఖర్చు స్వల్పము. రాత్రి తొమ్మిదికి దానిని పెట్టినచో గదిలోని పాత వేడి పోయి బయటి చల్లదనము వచ్చును. ముందు ఒక వారము దీనిని పరీక్షించి, ఉష్ణమాపకముతో గది వేడిని ప్రతి రాత్రియు వ్రాసికొని, అప్పటికిని పదకొండు గంటలకు 31 డిగ్రీలకు దిగనిచో యంత్రమును కొనుటకు పోవుడు. వీధి ధూళి, దుర్గంధము, కాలువ దోమలచే కిటికీ తెరువరాని ఇండ్లు ఉన్నవి. వారికి ఈ సలహా వర్తింపదు.

కొన్నవారికి ఇక కొన్ని సంగతులు. యంత్రము సుమారు 30 కిలోల బరువు. చక్రములు నేలమీదికే గాని మెట్లకు కావు. పై అంతస్తునకు ఇద్దరు మోయవలెను. పడుకోబెట్టి తెచ్చినచో కొన్ని గంటలు నిలువుగా ఉంచి పిమ్మట నడపవలెను. ఆపిన వెంటనే తిరిగి పెట్టక మూడు నిమిషములు ఆగవలెను. జల్లెడను పదునైదు దినములకొకమారు కడిగి నీడను ఆరబెట్టవలెను. ఏప్రిలులో మన వీధుల దుమ్మునకు వారమునకొకమారైనను తప్పు లేదు. వేసవిలో గాలిలోని తేమ యంతయు గొట్టముతోనే బయటికి పోవును. ఆశ్వయుజ, కార్తికముల వానలలో నడపినచో అడుగున నీరు నిండి యంత్రము తనంతట తానే ఆగును, చెడిపోయినదని అనుకొనవలదు. వానలు పట్టగానే ఒక పూట ఫ్యాను మాత్రము నడపి లోపలి తడిని ఆర్పి, అడుగు బిరడా తీసి నీరు వంచి, గొట్టమును విడదీసి, ఎలుకలు చొరకుండ దాని రెండు మూతులను గుడ్డతో కట్టి, యంత్రమును నిలువుగానే మూలనుంచవలెను. ప్లైవుడ్డు పలకపై ఏ కిటికీదో సుద్దతో వ్రాసి దాని ప్రక్కనే పెట్టుడు.